మావయ్య అడిగిన ఎనిమిది పాసులు

ప్రశ్న: నమస్కారం. మాది పర్లాకిమిడి. పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తి చేసి, ఒక పెద్ద నగరం శివార్లలో ఉన్న థీమ్ పార్కులో రైడ్ ఆపరేటరుగా పనిచేస్తున్నాను. ప్రొబేషన్ పూర్తయిన ఉద్యోగులకు మా సంస్థ ఆరు నెలలకు నాలుగు చొప్పున ఉచిత అతిథి పాసులు ఇస్తుంది. పండుగలకు, సెలవు రోజులకు అవి చెల్లవు. వచ్చేవారి పేర్లు, గుర్తింపు కార్డుల వివరాలు ముందుగా నమోదు చేయాలి. వాడనివి గడువు దాటితే మురిగిపోతాయి. నా చదువుకు ఫీజులు కట్టిన మా మేనమామ, తన దుకాణంలో సరుకు కొనే ఒక కాంట్రాక్టరు కుటుంబానికీ వాళ్ల స్నేహితులకూ కలిపి ఎనిమిది పాసులు కావాలంటున్నారు. “నీకు ఊరికే వచ్చినవే కదా, నాలుగైతే ఏటి, ఎనిమిదైతే ఏటి?” అంటారు. కిందటిసారి మా పెద్దమ్మవాళ్లను తీసుకువెళితే, ఎత్తు చాలలేదని వాళ్ల మనవణ్ణి రైడ్ ఎక్కనివ్వలేదు. దానికి మా అన్నయ్య నా సహోద్యోగితో గొడవ పెట్టుకున్నాడు. నేను ఒక్క మాట చెప్పి ఎక్కించలేదని పెద్దమ్మ ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు. ఇవి చాలవన్నట్టు, సెప్టెంబరు నెలాఖరుతో గడువు తీరే నా రెండు పాసులు తనకిస్తే టికెట్ ధరలో సగం ఇస్తానని తోటి ఉద్యోగి ఒకతను వెంటపడుతున్నాడు. ఈ గొడవల్లో మా అమ్మానాన్నలు ఇంతవరకు పార్కు చూడనే లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

సమాధానం: మీరు అడిగినవి మూడు సంగతులే అయినా, నా దృష్టి ముందుగా నిలిచింది మీ ఉత్తరంలోని చివరి మాట దగ్గర. పాసులు మీ పేరు మీద వస్తున్నాయి, వాటి బాధ్యత మీ నెత్తిన ఉంటోంది, అయినా మిమ్మల్ని కన్నవాళ్లకు ఇంతవరకు ఒక్కటీ అందలేదు. దీన్నిబట్టి చూస్తే పాసులు ఎవరికి వెళ్లాలో నిర్ణయిస్తున్నది మీరు కాదు, గట్టిగా అడగగలిగినవారు. మీ అమ్మానాన్నలు అడగరు కనుక వాళ్ల వంతు రాలేదు. మిగిలిన చిక్కులన్నీ ఇక్కడినుంచే పుట్టాయని నా అభిప్రాయం.

మన ప్రాంతంలో పాసు అనే మాట కొత్తది కాదు. నౌపడ–గుణుపురం రైలు మార్గం మీదనో, పలాస, బరంపురం స్టేషన్లలోనో పనిచేసిన మనిషి లేని బంధుకోటి ఇక్కడ అరుదు. 1986 నాటి రైల్వే ఉద్యోగుల పాసు నిబంధనలు కుటుంబమంటే ఎవరో విడమరచి చెబుతాయి. భార్య లేదా భర్త, 21 ఏళ్లలోపు కొడుకులు, పెళ్లికాని కూతుళ్లు, కొన్ని షరతులకు లోబడి ఆ ఉద్యోగి మీదే ఆధారపడిన బంధువులు అందులోకి వస్తారు. గుమాస్తాల వంటి గ్రూపు సి ఉద్యోగికి మొదటి ఐదేళ్ల సర్వీసులో ఏడాదికి ఒక్క సెట్టు (రానూ పోనూ కలిపి) పాసులే వస్తాయి, ఆ తరువాత మూడు సెట్లు వస్తాయి. మూడోవంతు ఛార్జీతో ప్రయాణించే పీటీవోలు (ప్రివిలేజ్ టికెట్ ఆర్డర్లు) వీటికి అదనం. ఇన్నేళ్లుగా ఇన్ని ఇళ్లలో ఈ పాసులు ఉన్నా, “మా షావుకారు కాశీ వెళ్తున్నాడు, నీ పాసు ఒకటి ఇయ్యి” అని రైల్వే గుమాస్తాను అడిగే మేనమామ మనకు కనబడడు. పాసు మీద పేర్లు ఉంటాయనీ, టీటీఈ గుర్తింపు కార్డు అడుగుతాడనీ, పట్టుబడితే ప్రయాణికుడు జరిమానాతో బయటపడినా ఉద్యోగి మాత్రం ఛార్జిషీటు అందుకుంటాడనీ ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి, అడగకపోవడమే మర్యాద అయి కూర్చుంది.

మీ పార్కు పాసు స్వభావం కూడా సరిగ్గా అదే. ముందుగా పేర్ల నమోదు, గుర్తింపు కార్డు, చెల్లని రోజులు, గడువు అన్నీ ఉన్నాయి. తేడా ఒక్కటే. థీమ్ పార్కు ఉద్యోగం మన ఊళ్లకు కొత్తది కనుక, ఏది అడగవచ్చు, ఏది అడగకూడదు అన్న ఆనవాయితీ ఇంకా ఏర్పడలేదు. మీ బంధువులు దురాశాపరులని నేను అనుకోవడం లేదు. వాళ్ల కళ్లకు అది సినిమా హాలు మేనేజరు తెలిసినవాళ్లకు ఇచ్చే కాంప్లిమెంటరీ టికెట్టులా కనబడుతోంది. అది అలాంటిది కాదని మీ కుటుంబంలో మొదటిసారి చెప్పవలసిన వంతు మీకు వచ్చింది. అలా చెప్పడానికి ముందు నియమాల కాగితాన్ని మీరు మరొకసారి చదవండి. మేనమామ, పెద్దమ్మ పిల్లలు సంస్థ దృష్టిలో కుటుంబంలోకి వస్తారా, అతిథుల వెంట ఉద్యోగి కూడా ఉండాలా, అతిథి ప్రవర్తనకు ఉద్యోగి ఎంతవరకు బాధ్యత వహించాలి అనే మూడింటిలో ఏది స్పష్టంగా లేకపోయినా హెచ్‌ఆర్ విభాగానికి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి. క్యాంటీన్‌లో సీనియర్లు చెప్పే “అందరూ చేసేదే” అన్న మాట రేపు విచారణలో మీకు అక్కరకు రాదు.

సగం ధర ఇస్తానన్న సహోద్యోగి సంగతి తేలికగా తేలిపోతుంది. ఇవ్వకండి. అతడు కొంటున్నది రెండు కాగితాలను కాదు, మీ ఉద్యోగి సంఖ్యను. ఆ పాసుతో గేటు దగ్గరకు వచ్చే అపరిచితుడు రికార్డులో మీ అతిథే అవుతాడు. లోపల అతడు తాగి పడినా, కాలు విరగ్గొట్టుకున్నా మొదటి ఫోన్ మీకే వస్తుంది. 1946 నాటి పారిశ్రామిక ఉపాధి స్థాయీ ఉత్తర్వుల (స్టాండింగ్ ఆర్డర్స్) చట్టం కింద వచ్చిన మాదిరి ఉత్తర్వులలో, అంటే ఉద్యోగ నియమాల నమూనాలో, దుష్ప్రవర్తన కింద లెక్కించినవాటిలో యజమాని వ్యాపారానికి, ఆస్తికి సంబంధించిన దొంగతనం, మోసం, నిజాయితీ లేమి ఉండేవి. అదే భాష నేటికీ చాలా సంస్థల నియమావళుల్లో కనిపిస్తుంది, దాని కింద ఉద్యోగం పోవచ్చు. ఎలాగూ మురిగిపోయేవే కదా అన్న అతని వాదన వినడానికి బాగుంటుంది కాని, పాసు మురిగిపోతే సంస్థకు నష్టం లేదు. దాన్ని అమ్మితే మాత్రం టికెట్ కొనవలసిన ఇద్దరు కొనకుండా లోపలికి వచ్చినట్టే.

ఈ జబ్బు మన దేశపుదీ కాదు, నేటిదీ కాదు. 1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్‌ను ఆహ్వానితుల కోసం మొదటిసారి తెరచినప్పుడు, నకిలీ టికెట్లు చేతులు మారి, పిలిచినవారికి దాదాపు రెట్టింపు జనం లోపలికి చేరారు. ఒకడైతే కంచెకు నిచ్చెన వేసి, తలకు ఐదు డాలర్లు పుచ్చుకుని మనుషులను దాటించాడని చెబుతారు. ఫ్లోరిడా రాష్ట్రంలో, చాలా రోజులకు చెల్లే పార్కు టికెట్‌ను కొన్ని రోజులు వాడుకుని మిగిలిన రోజులను మరొకరికి అమ్ముకోవడాన్ని చట్టమే నేరంగా చేసింది. ఇక మీ విషయానికి వస్తే, ఆ సహోద్యోగి మీద నిఘా వేయడం మీ పని కాదు. కాని మీ ఉద్యోగి పోర్టల్ పాస్‌వర్డును, ఫోన్‌కు వచ్చే ఓటీపీని అతనికి గాని మరొకరికి గాని ఇవ్వకండి. మీ పేరు మీద మీకు తెలియని అతిథి నమోదు కనబడితే ఆ రోజే రాతపూర్వకంగా తెలపండి.

మావయ్యగారి సంగతి ఇంత సులువుగా తేలదు. అక్కడ పాసుతోపాటు ఫీజులు కట్టిన రుణం కూడా ఉంది. అందుకే దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఆయనకు “పాసులు అయిపోయాయి” అని మాత్రం చెప్పకండి. నోటికి ముందుగా వచ్చే జవాబు అదే. అది అబద్ధం కావడం ఒక ఎత్తు, అక్టోబరులో మళ్లీ నాలుగు పాసులు వస్తాయన్న సంగతి ఆయనకు తెలియడం మరో ఎత్తు. ఇప్పుడు అయిపోయాయంటే, అప్పుడు ఇస్తానన్నట్టే ఆయన అర్థం చేసుకుంటారు. ప్రతి ఆరు నెలలకూ ఒక కొత్త సాకు వెతుక్కోవలసి వస్తుంది. ఇవ్వలేకపోవడానికి కారణం సంఖ్య కాదు, నియమం. చెప్పవలసింది ఆ నియమమే. ఏ పెళ్లిలోనో పదిమంది మధ్య ఆయన అడిగినప్పుడు చెబితే ఆయన చిన్నబోతారు. మీ అమ్మగారి చేత చెప్పిస్తే అన్నాచెల్లెళ్ల మధ్య మాట వస్తుంది. కాబట్టి ఆయన దుకాణం కట్టేసే వేళ చూసి మీరే ఫోన్ చేయండి. నేనయితే ఇలా మాట్లాడతాను: “మావయ్యా, మీరు అడిగిన పాసుల సంగతి కనుక్కున్నాను. అవి నా ఇంటివాళ్ల కోసమే ఇస్తారట, పేర్లు ముందే రాయాలట. వేరేవాళ్లను నా చుట్టాలని రాస్తే నా ఉద్యోగం మీదికొస్తుంది. మీరూ, అత్తయ్యా, పిల్లలూ ఎప్పుడొస్తామంటే అప్పుడు నా వారపు సెలవు చూసుకుని నేనే దగ్గరుండి చూపిస్తాను. కాంట్రాక్టరు బాబుగారికి మాత్రం పాసు రాయలేను.” హెచ్‌ఆర్ నుంచి వచ్చిన జవాబులో మేనమామ కుటుంబం లేదంటే, ఈ మాటల్లోని ఆహ్వానాన్ని కూడా దానికి తగ్గట్టు మార్చుకోండి. అప్పుడు వాళ్ల టికెట్లు మీ డబ్బుతో కొనడమే మర్యాద.

మావయ్యగారికి నిజంగా కావలసింది ఎనిమిది మంది ప్రవేశ రుసుము ఆదా కావడం కాదని నాకు అనిపిస్తోంది. ఏడాది పొడుగునా సిమెంటు, ఇనుము కొనగల మనిషి ముందు “మా మేనకోడలు అక్కడే పనిచేస్తోంది, నేను చూసుకుంటాను” అని మాట ఇచ్చి ఉంటారు. ఆ మాట నిలబడితే ఆయనకు చాలు. పాసు లేకుండానే ఆ గౌరవం నిలబెట్టే దారులు మీ దగ్గర చాలా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ముందుగా కొంటే, గుంపుగా కొంటే, విద్యార్థి గుర్తింపు కార్డు చూపిస్తే చాలా పార్కులు టికెట్ ధర తగ్గిస్తాయి. మీ పార్కులో వీటిలో ఏది ఉందో కనుక్కుని, ఎనిమిది మందికి అన్నిటికన్నా చవకగా పడే రోజు ఏదో మావయ్యకు లెక్కకట్టి పంపండి. ఆదివారం కంటే మంగళవారం నయమనీ, గేటు తీసే వేళకే చేరితే పెద్ద రైడ్లన్నీ మధ్యాహ్నం లోపల అయిపోతాయనీ, నీటి రైడ్ల దగ్గర నూలు బట్టలు, చీరలు, జీన్సు ఒప్పుకోరు కనుక నైలాన్ దుస్తులు తెచ్చుకుంటే అద్దె తప్పుతుందనీ, బయటి భోజనం లోపలికి రానివ్వరనీ, లాకరు ఛార్జీ వేరనీ చెప్పండి. ఆ రోజు విరామ వేళలో వెళ్లి ఐదు నిమిషాలు పలకరించి రండి. కాంట్రాక్టరుగారి కుటుంబానికి ఉచిత టికెట్టు కన్నా ఇది ఎక్కువగా గుర్తుంటుంది. మావయ్య మాటా దక్కుతుంది. వాళ్లను మీరు పనిచేసే రైడ్ దగ్గర వరుస తప్పించి ముందుకు పంపడం మాత్రం ఈ మర్యాదలో చేరదు. ఎండలో గంటసేపు నిలబడినవాళ్లు అది చూస్తూనే ఉంటారు, మీ సూపర్‌వైజరు కూడా చూస్తాడు.

ఫీజుల రుణం తీర్చాలని మీకు ఉంటే, అది వేరుగా తీర్చండి. నెలకు కొంత చొప్పున మీ అమ్మగారి ద్వారా ఇవ్వడమో, వాళ్ల పిల్లల చదువులో ఒక ఖర్చు మీరు ఎత్తుకోవడమో చేయవచ్చు. అయితే పాసు కాదన్న రోజే ఆ ప్రస్తావన తేకండి. “మీ డబ్బు మీకు పడేస్తాను, నన్ను అడక్కండి” అన్నట్టు వినబడుతుంది. ఒకటి రెండు నెలలు గడవనివ్వండి.

పెద్దమ్మగారి మనవడి విషయంలో మీరు ఆ ఒక్క మాట చెప్పకపోవడం సరైన పని. మీకు తెలిసిన కారణమే అయినా, ఆవిడకు చదివి వినిపించడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాను. రైడ్ దగ్గర గోడకు గీసిన ఎత్తు గీత పిల్లవాడి ధైర్యానికి పెట్టిన పరీక్ష కాదు, వాడు చిన్నవాడని చేసిన అవమానమూ కాదు. ఒడి మీదికి దిగే కడ్డీ, భుజాల మీదుగా వచ్చి బిగుసుకునే కవచం ఒక కనీస శరీర పరిమాణాన్ని దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. అంతకన్నా చిన్న శరీరం కూర్చుంటే కడ్డీకీ ఒడికీ మధ్య ఖాళీ మిగులుతుంది. బండి ఒక్కసారిగా కిందికి దూకినప్పుడో, తలకిందులైనప్పుడో పిల్లవాడు ఆ ఖాళీలోంచి జారిపోవచ్చు. ప్రతి సీటు దగ్గరా ఆగి, కడ్డీని చేత్తో ఒకసారి కిందికి నొక్కి, మరొకసారి పైకి లాగి చూసి, చివరి సీటు అయ్యాక ప్యానెల్ దగ్గరున్న మనిషికి బొటనవేలు ఎత్తి చూపే ఆ కుర్రవాడు, పెద్దమ్మగారి మనవడిని ఆపకపోయి ఉంటే తన పని చేయనట్టే. ఆపరేటరు చెల్లెలి ఇంటి పిల్లవాడైనా, మంత్రిగారి పిల్లవాడైనా కడ్డీ దిగే చోటు మారదు.

అయితే ఒక పని ముందే జరగవలసింది. పిల్లవాడి ఎత్తు ఇంటి దగ్గర గోడకు నిలబెట్టి కొలవచ్చు. ఏ రైడ్‌కు ఎంత ఎత్తు కావాలో మీ దగ్గర పట్టిక ఉంటుంది. ఇకమీదట అతిథుల పేర్లు నమోదు చేసేటప్పుడే పిల్లల ఎత్తు కూడా అడిగి, వీడు ఇవి ఎక్కవచ్చు, ఇవి ఎక్కకూడదు అని బయలుదేరేముందే చెప్పేయండి. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు, వెన్నుకు శస్త్రచికిత్స అయినవారు ఎవరైనా ఉంటే వారికీ అలాగే చెప్పండి. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చి, గంటసేపు వరుసలో నిలబడ్డాక గేటు దగ్గర కాదనిపించుకుంటే ఏ పిల్లవాడైనా ఏడుస్తాడు, ఆ ఏడుపు చూసి పెద్దవాళ్లకు రోషం వస్తుంది. మీ అన్నయ్య గొడవ పెట్టుకున్న సహోద్యోగిని మీరు ఇంతవరకు కలవకపోయి ఉంటే, కలిసి మీ అన్నయ్య తరఫున క్షమించమని అడగండి. రేపు మీ రైడ్ దగ్గర అతని బంధువులు ఉండవచ్చు. పెద్దమ్మగారి దగ్గరకు పండుగకు ఊరు వెళ్లినప్పుడు మీరే వెళ్లండి, కాని తప్పు చేసినదానిలా వెళ్లకండి. పిల్లవాడికి ఏదైనా బొమ్మ పట్టుకెళ్లి, వాడిని గోడకు నిలబెట్టి కొలిచి, ఎంత పెరిగితే ఏ రైడ్ ఎక్కవచ్చో వాడికే చెప్పండి. పిల్లలు దీన్ని పెద్దలకన్నా త్వరగా అర్థం చేసుకుంటారు.

ఇక మిగిలిన బంధువుల సంగతి. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లినా మన చుట్టరికాలు సరిహద్దుకు ఇటూ అటూ అలాగే ఉండిపోయాయి. పాతపట్నంలో ఉన్నవాళ్లకు రాష్ట్రం వేరు గాని పెళ్లికి పిలుపు వేరు కాదు. అంత పెద్ద బంధుకోటికి ఏడాదికి ఎనిమిది పాసులు ఎలాగూ చాలవు. కాబట్టి అడిగినవారికల్లా విడివిడిగా జవాబు చెప్పుకుంటూ పోకుండా, హెచ్‌ఆర్ జవాబుకు తగ్గట్టు మాటలు సరిచూసుకుని, మీ కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒకసారి రాసేయండి. “నాకు ఆరు నెలలకు నాలుగు పాసులు వస్తాయి. అవి ఇంటివాళ్లకే, నేను దగ్గరున్న రోజే చెల్లుతాయి. ముందు అమ్మానాన్నలు చూస్తారు. ఆ తరువాత వంతులవారీగా ఏడాదికి ఒక్క కుటుంబాన్ని తీసుకువెళ్తాను. వేరేగా రావాలనుకునేవారికి తగ్గింపు టికెట్ల వివరాలు పంపిస్తాను” అంటే చాలు. ఒకరిద్దరు మూతి ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి. ఆ వంతులో మొదటిది మావయ్యగారి కుటుంబానికి ఇస్తే బాగుంటుంది.

సెప్టెంబరు నెలాఖరుకు మీ చేతిలో ఉన్నవి రెండు పాసులు, ఇంట్లో ఉన్నది మీ అమ్మానాన్నలు ఇద్దరు. మీ వారపు సెలవు రోజు చూసి ఈ వారమే వాళ్ల పేర్లు నమోదు చేయండి. వర్షాకాలం కనుక పిడుగులు, పెద్ద వాన ఉంటే ఆరుబయటి రైడ్లు ఆపేస్తారని ముందే చెప్పి, కుదిరితే వాళ్లను ఒకరోజు ముందుగానే రప్పించి మీ గదిలో ఉంచుకోండి. అమ్మగారు చీరతో వస్తే నీటి రైడ్ల వైపు వెళ్లనివ్వరు. అందుకు ఆవిడ నొచ్చుకోకుండా ముందే చెప్పి, కావాలంటే సల్వార్ తరహా నైలాన్ దుస్తులు కొనిపెట్టండి, వద్దంటే మిగిలినవాటిలో నెమ్మదిగా తిరిగేవే చూపించండి. మధ్యాహ్నం ఎండవేళ నీడలో కూర్చునే చోట్లు మీకు తెలిసే ఉంటాయి. నాన్నగారికి మీ రైడ్ చూడాలని ఉంటే, మీరు డ్యూటీలో లేని ఆ రోజు మీ ఇద్దరూ కలిసి మామూలు వరుసలోనే నిలబడండి. పొలం పనుల వల్లనో మరొకందువల్లనో ఆలోగా వాళ్లు రాలేకపోతే ఆ రెండు పాసులను మురిగిపోనివ్వండి, అక్టోబరులో వచ్చే నాలుగింటిలో మొదటి రెండు వాళ్ల పేరు మీద రాయండి.